వానను కొలిచే పిల్లలు: నెల్లూరు తీర బాలల వాతావరణ ఉద్యమ ప్రణాళిక

మేము నెల్లూరు తీరంలో బతికేవాళ్ళం. ప్రాథమిక బళ్ళలో పాఠాలు చెప్పేవాళ్ళు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, సముద్రం మీద వేటకు పోయేవాళ్ళు, రొయ్యల గుంటల గట్ల మీద రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళు, వరి రైతులు, ఉప్పు మడుల్లో కూలికి పోయేవాళ్ళు, చిన్నపిల్లల తల్లులు మాలో ఉన్నారు. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాలెం, అక్కణ్ణించి పులికాట్ ఒడ్డు దాకా ఈ తీరమంతా మా ఊరే అనుకుంటాం. 2022లో జిల్లాల హద్దులు మారి సూళ్ళూరుపేట, తడ వైపు ఊళ్ళు తిరుపతి జిల్లాలో చేరాయి. గాలికీ వానకూ ఆ హద్దుతో పని లేదు కాబట్టి మాకూ లేదు.

మేము కోరేది ఒక్కటే. ఈ తీరంలో నాలుగేళ్ళు దాటిన ప్రతి బిడ్డా బడిలోనో అంగన్‌వాడీలోనో తన చేత్తో వానను, గాలిని, ఎండను కొలవాలి. ఏడాదికొకసారి చదివి వదిలేసే పాఠంగా కాదు, సైన్సు ఫెయిర్ కోసం నాన్న రాత్రంతా కూర్చుని అతికించే అట్టబొమ్మగా కాదు. రోజూ కొలవాలి. దీన్ని సాధించడానికే ఈ ఉద్యమం పుట్టింది.

మా తీరానికి నవంబరు ఎట్లాంటిదో పెద్దవాళ్ళకు ఒళ్ళు చెబుతుంది. 1927 నవంబరులో నెల్లూరు మీద పడిన గాలివాన సంగతి ముత్తాతల నుంచి విన్నాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 1984 నవంబరులో శ్రీహరికోట వైపు, 1987 నవంబరులో నెల్లూరు దగ్గర తుపానులు తీరం దాటాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మరీ దూరం నుంచి వచ్చింది. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడ వందలమందిని పొట్టన పెట్టుకుని, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతమంతా ఈది మా ఇళ్ళ మీద పడింది. దాని పేరు గే. 2015 నవంబరులో ఎడతెగని వానలు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగింది. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేముందు మా తీరం వెంబడే నడిచిపోయింది.

ఇన్ని నవంబర్లు కాకతాళీయం కాదు. రాష్ట్రంలో ఎక్కువ జిల్లాలకు వాన నైరుతి రుతుపవనాలతో వస్తే, మాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడుతుంది. బంగాళాఖాతంలో తుపానులు బలపడే కాలం కూడా అదే. కార్తెల లెక్కలో చెప్పాలంటే చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠ మా వాన కార్తెలు. కానీ పాఠ్యపుస్తకంలో వానాకాలం జూన్‌లో మొదలవుతుంది. మా ఊళ్ళో రెండో తరగతి పిల్ల జూన్‌లో గొడుగు బొమ్మ గీసి, రంగులు వేసి, బయట వడగాలికి తలకు తువ్వాలు చుట్టుకుని ఇంటికి పోతుంది. పుస్తకం చెప్పేది ఒకటి, ఆకాశం చూపేది ఇంకొకటి అయినప్పుడు ఆ వయసు బిడ్డ పుస్తకాన్నే నమ్ముతుంది, ఆకాశాన్ని చూడటం మానేస్తుంది. మేము ఆపాలనుకుంటున్నది దీన్నే.

మా కంటి ముందే ఇంకొకటి జరుగుతోంది. దేశానికి మబ్బుల్ని చూపించే ఉపగ్రహాలు కొన్ని మా తీరం నుంచే ఎగిరాయి. 2002 సెప్టెంబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ మీద పోయిన మెట్‌శాట్‌కు తర్వాత కల్పనా చావ్లా పేరిట కల్పన-1 అని పేరు మార్చారు. 2016 సెప్టెంబరు 8న ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్‌శాట్-3డీఎస్ అక్కణ్ణించే పోయాయి. శ్రీహరికోటలో డాప్లర్ వాతావరణ రాడార్ కూడా ఉంది. రాకెట్ పోయే రోజు సూళ్ళూరుపేట, దొరవారిసత్రం, వాకాడు పిల్లలు మిద్దెలెక్కి కేకలు పెడతారు. ఆ కేకలు మాకు ఎంతో ఇష్టం. అంత ఎత్తు నుంచి తమ ఊరి మబ్బును చూసే యంత్రాన్ని సాగనంపిన పిల్లలు తమ బడి పెరట్లో ఎంత వాన పడిందో కూడా చెప్పగలగాలని అడుగుతున్నాం.

హెచ్చరికలు ఇప్పుడు బాగా అందుతున్నాయి. ఫోనుకు మెసేజీలు వస్తాయి, టీవీలో మ్యాపు తిరుగుతుంది, ఊళ్ళో మైకు అరుస్తుంది. ఇది చిన్న విజయం కాదు. 1977 నాటికీ ఇప్పటికీ ఉన్న తేడా ఎన్నో ప్రాణాలు. కానీ అందిన హెచ్చరికను మాలో ఎంతమంది చదవగలం? కృష్ణపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే రేవులో మాటలు మొదలవుతాయి. 5 కంటే 6 పెద్దది, 6 కంటే 7 పెద్దది, కాబట్టి గాలి ఒక్కో మెట్టూ పెరుగుతోందని చాలామంది అనుకుంటారు. అట్లా కాదు. 5, 6, 7 మూడూ తుపానుకే. 5 అంటే తుపాను తన దారికి ఎడమచేతి వైపు రేవును ఉంచి పోతుందని, 6 అంటే కుడిచేతి వైపు ఉంచి పోతుందని, 7 అంటే రేవు మీదుగానో బాగా పక్కగానో పోతుందని. 8, 9, 10 కూడా అదే వరస, తీవ్రమైన తుపానుకు. 11 ఎగరేస్తే హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిందని అర్థం.

ఇది తెలిసినవాడికి దక్కేదేమిటో చూడండి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకు వచ్చే తుపానుకు ఎడమ పక్క దక్షిణం, కుడి పక్క ఉత్తరం. దక్షిణాన ఉన్న ఊరికి గాలి నేల మీద నుంచి సముద్రంలోకి తోస్తుంది. ఉత్తరాన ఉన్న ఊరికి గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఉప్పెన అక్కడే. అంటే నేరుగా పడమటికి వచ్చే తుపానుకు 5 ఎగిరిన రేవు కంటే 6 ఎగిరిన రేవు దగ్గర గుడిసెలో ఉన్నవాళ్ళకు నీటి భయం ఎక్కువ. ఈ సంగతి ఐదో తరగతి పిల్లకు అరగంటలో అర్థమవుతుంది. మైదానంలో సున్నంతో తీరం గీత గీసి, పిల్లల్ని చెయ్యీ చెయ్యీ పట్టించి గుండ్రంగా తిప్పుతూ ఆ గుండాన్ని తీరం మీదికి నడిపిస్తే చాలు. గీతకు ఆ పక్కన ఎవరు నేల వైపు పరిగెడుతున్నారో, ఈ పక్కన ఎవరు సముద్రం వైపు పరిగెడుతున్నారో వాళ్ళే చూసి చెబుతారు.

అయితే తుపాను రోజు ఏం చెయ్యాలో మాత్రమే నేర్పే కసరత్తుల మీద మా నమ్మకం తక్కువ. అవి అవసరం, ఉండాలి, మేమూ చేస్తాం. కానీ భయంతో మొదలైన చదువు భయం తగ్గగానే ఆగిపోతుంది. పిల్లలకు ముందు మామూలు రోజు తెలియాలి. మే నెల మధ్యాహ్నం సముద్రపు గాలి ఏ వేళకు తిరుగుతుందో, జనవరి తెల్లవారి పొగమంచు ఏ వేళకు విడుతుందో, స్వాతి కార్తెలో ఒక మాదిరి వాన సీసాలో ఎంత ఎత్తు నిలుస్తుందో తెలియాలి. వందల మామూలు రోజుల్ని కొలిచిన బిడ్డ గాలి తీరు మారిన రోజును తనంతట తానే పసిగడుతుంది. మేము నేర్పదలచింది ఈ మామూలు రోజుల విద్య.

ఎట్లా నేర్పుతామో కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఈ పని బతికేదీ చచ్చేదీ వివరాల్లోనే.

వాన దగ్గర మొదలుపెడదాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ దగ్గర కోసి, కోసిన ముక్కను తలకిందులుగా గరాటులాగా అందులోనే పెడితే వానమాని తయారు. సీసా అడుగు గతుకులుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, గతుకులు మునిగే దాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. చెట్టు కిందో చూరు కిందో పెడితే లెక్క తప్పు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూడాలి, ఎందుకంటే దేశమంతటా వాతావరణ శాఖ రోజు వాన లెక్క తేల్చేది ఆ వేళకే.

అంకెలు రాని పిల్లలు ఎట్లా రాస్తారని అడుగుతారు. వాళ్ళు రాయనక్కర్లేదు. ఒక రంగు కాగితం పట్టీ తీసుకుని సీసా పక్కన నిలబెట్టి, నీళ్ళు ఎంత ఎత్తున్నాయో అంతకు కత్తిరించి, గోడ మీద నిన్నటి పట్టీ పక్కన అతికిస్తారు. వాన లేని రోజు ఖాళీ వదులుతారు. నెల తిరిగేసరికి గోడ మీద నవంబరు నిలబడి ఉంటుంది. అదే గోడ మీద మూడు అడ్డగీతలు గీస్తాం. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు పడితే వాతావరణ శాఖ దాన్ని భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. టీవీలో ఈ మాటలు ఎన్నేళ్ళుగానో వింటున్నాం. గోడ మీద గీతలుగా చూస్తే మొదటిది సుమారు పెద్దవాళ్ళ చూపుడువేలంత, మూడోది జానకు కాస్త తక్కువ. ఒక్క రాత్రిలో జానెడు నీళ్ళు ఊరంతా పరుచుకుంటే అది ఎక్కడికి పోవాలి అనే ప్రశ్న పిల్లలు తప్పకుండా అడుగుతారు. అప్పుడు వాళ్ళను కాలవ గట్టు మీదికి, బకింగ్‌హాం కాలవ దగ్గరికి, పూడిపోయిన మురుగుకాలవ దగ్గరికి నడిపించుకుపోవాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. నాలుగో తరగతి పిల్లలు బడి డాబా పొడవు వెడల్పులు అడుగులేసి కొలిచి ఎన్ని బిందెల నీళ్ళు జారిపోయాయో లెక్క వేస్తారు. లెక్కల పాఠం కూడా అదే.

వాన దగ్గరే ఇంకొక ముడి ఉంది, దాన్ని తొందరపడి విప్పకూడదు. పెద్ద గిన్నెలో ఎక్కువ వాన పడుతుందా, చిన్న డబ్బాలో ఎక్కువ పడుతుందా? ప్రతి పిల్లా పెద్ద గిన్నె అంటుంది. నిలువు అంచులున్న పప్పు డబ్బా, టిఫిను డబ్బా, పెద్ద పాల డబ్బా ఒకే వానలో వరసగా పెట్టి, స్కేలుతో లోతు చూడమనాలి. మూడింట్లోనూ లోతు ఒకటే వస్తుంది. పిల్లలు నమ్మరు. స్కేలు తప్పని అంటారు. మళ్ళీ కొలుస్తారు. టీచరు చెప్పాల్సింది ఏమీ లేదు, ఇంకో వాన దాకా ఆగడమే. అంచులు వాలుగా ఉన్న బక్కెట్టును నాలుగోదిగా పెడితే లోతు వేరుగా వస్తుంది, ఎందుకో కనిపెట్టడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారాన్ని పిల్లలకు ఇవ్వలేని బడికి మా ఉద్యమంలో చోటు దొరకడం కష్టం.

అంగన్‌వాడీ పిల్లలకు మేము పెట్టే మొదటి పరీక్ష స్టీలు గ్లాసుది. గ్లాసులో ఐసు ముక్కలు, నీళ్ళు పోసి బల్ల మీద పెడితే కాసేపట్లో బయట చెమట పడుతుంది. మా తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకా తొందరగా పడుతుంది. “టీచర్, గ్లాసు కారతా ఉండాది” అంటారు. కారడం లేదని పెద్దవాళ్ళం చెప్పేస్తే అక్కడితో పాఠం చచ్చిపోతుంది. చెప్పకుండా, నీళ్ళలో చిటికెడు పసుపు కలిపి మళ్ళీ పెట్టాలి. లోపల పసుపు నీళ్ళు, బయట చుక్కలు తెల్లగా. వేలితో తుడిచి తెల్లగుడ్డకు రాసి చూస్తారు, మరక ఉండదు. మరి ఈ నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? గదిలో నీళ్ళు లేవు, గాలి మాత్రమే ఉంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాలుగేళ్ళ బిడ్డకు ఎంత సమయం కావాలో అంత ఇవ్వాలి. మబ్బు ఎట్లా పుడుతుందో అనే కథకు ఇది మొదటి వాక్యం. ఉప్పు మడుల పక్క ఊళ్ళలో దీనికి జత ఇంకొకటి ఉంది: పుల్లకు రెండు పక్కలా దారంతో తక్కెడ కట్టి ఒక పక్క కల్లుప్పు మూట, ఇంకో పక్క గులకరాళ్ళు సరిసమానంగా తూచి పెడితే, ముసురు పట్టిన రోజు ఉప్పు పక్క కిందికి వాలుతుంది.

ఎండకు రెండు పళ్ళేలు చాలు, ఒకదాంట్లో మైపాడు ఇసక, ఒకదాంట్లో నీళ్ళు. ముందు అరచెయ్యి పెట్టి చూడాలి, తర్వాతే థర్మామీటరు. నేల తొందరగా కాగుతుంది, నీళ్ళు నిదానంగా కాగుతాయి, కాగిన నేల మీది గాలి పైకి లేస్తే సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. వేసవిలో మధ్యాహ్నం వీధి చివర కూర్చున్న అవ్వలు ఎదురుచూసే గాలి అదే.

గాలికి తాటాకు గిరక. తుమ్మ ముల్లు గుచ్చి, కొబ్బరి పుల్లకు తగిలించి పరిగెత్తే ఈ బొమ్మ మా పిల్లల చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది. ఒక రెక్కకు రంగు పూసి నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే గాలి కొలత. కాస్త పెద్దపిల్లలకు 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రం నేర్పుతాం. గాలికి వీపు పెట్టి నిలబడు, ఎడమ చెయ్యి చాపు. అల్పపీడనం ఆ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. అక్టోబరులో ఈశాన్యం గాలికి వీపు పెడితే చెయ్యి ఆగ్నేయం చూపిస్తుంది. టీవీ మ్యాపులో అల్పపీడనం ఎక్కడుందో సాయంత్రం చూసుకుని మర్నాడు వచ్చి చెబుతారు. ఒక రోజు కుదురుతుంది, ఒక రోజు కుదరదు. తీరం దగ్గర సముద్రపు గాలి ఈ లెక్కను చెడగొడుతుంది. కుదరని రోజును కూడా నోటుబుక్కులో రాయించాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల సైన్సు పుస్తకాల్లో తరచూ కనిపించే బుడగ బారోమీటరును, అంటే సీసా మూతికి బుడగ రబ్బరు బిగించి పుల్ల అతికించేదాన్ని, మేము వాడం. సీసాలోని గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని ఒత్తిడి 3 మిల్లీబార్లకు పైగా పెరుగుతుంది. మామూలు రోజున బయటి పీడనం పొద్దుటికీ సాయంత్రానికీ మారేదే దాదాపు అంత. కాబట్టి ఆ పుల్ల చూపేది ఎక్కువగా వేడినే. పిల్లల చేతికి ఇచ్చే పనిముట్టు నాసిరకంగా ఉండొచ్చు, అబద్ధం చెప్పకూడదు. పీడనం నేర్పడానికి మండలానికి ఒక్కటైనా సరైన అనిరాయిడ్ బారోమీటరు తెచ్చి బడి నుంచి బడికి తిప్పుతాం. డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకు కెప్టెన్‌గా పనిచేసిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ నూట అరవై ఏళ్ళ కిందట బ్రిటన్ తీరంలోని బెస్త పల్లెల రేవుల్లో బారోమీటర్లు పెట్టించాడు. పడవ దింపేముందు పల్లెవాళ్ళే వచ్చి చూసుకునేవాళ్ళు. 1859లో రాయల్ చార్టర్ ఓడ తుపానులో మునిగి వందలమంది పోయాక, 1861 నుంచి తుపాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. హెచ్చరిక పైనుంచి రావడం, కొలత రేవులో ఉండటం ఒకదానికొకటి తోడుగా పెరిగిన పనులు.

మా తాతల విద్యను మేము పక్కకు నెట్టం. నలభై ఏళ్ళు వేటకు పోయిన పట్టపు తాత నీటి రంగు చూసి, అల తీరు చూసి, రాత్రి నక్షత్రం మిణుకు చూసి మర్నాటి గాలి చెబుతాడు. పొలం మీద కార్తెల లెక్క నడుస్తుంది. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన అంటారు, తూనీగలు కిందగా తిరిగితే వాన అంటారు, చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన అంటారు. వీటిని వెక్కిరించే చదువు మాకు వద్దు, గుడ్డిగా ఒప్పజెప్పే చదువూ వద్దు. పిల్లలు రెండు గళ్ళు గీసుకుంటారు: వరదగుడి కనిపించిన రాత్రి, తర్వాత మూడు రోజుల్లో వాన పడిందా లేదా. ఒక వానాకాలమంతా నింపితే ఎన్నిసార్లు నిజమైందో తేలుతుంది. ఎత్తున ఉండే పల్చటి మబ్బుల్లోని మంచు పలుకుల గుండా వెన్నెల విరిగితే ఆ గుడి కడుతుందని, అల్పపీడనం దగ్గరపడేముందు అట్లాంటి మబ్బులు ముందుగా రావడం ఉందని అప్పుడు చెబుతాం. చీమల సంగతి ఏం తేలుతుందో పిల్లలే మాకు చెప్పాలి.

తాతల్ని బడికి ఎప్పుడు పిలవాలి అన్నదానికి కూడా సముద్రమే ఒక దారి చూపింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి, అదే సమయంలో పిల్లలకు వేసవి సెలవులు. వల బాగుచేసుకునే నీడలోనే వేసవి బడి పెడతాం. రొయ్యల గుంటల దగ్గర ఇంకో బడి. మబ్బు పట్టిన రోజు గుంటలో మొక్కనాచు ఎండ లేక చాలినంత ఆక్సిజన్ తయారుచెయ్యదు, తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలతాయి, అందుకే నాన్న రాత్రంతా ఏరేటర్లు ఆపడు. గుంట ఉన్న ఇంటి పిల్లాడికి మబ్బుకూ ఇంటి అప్పుకూ సంబంధం ముందే తెలుసు. వాడికి తెలిసినదాన్ని తరగతి గదిలో నలుగురి ముందు చెప్పనిస్తే చాలు.

చేతులతో సైన్సు నేర్పడం మేము కనిపెట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పల్లె బళ్ళలో ప్రయోగాలతో సైన్సు నేర్పే కార్యక్రమం మొదలై, వందల బళ్ళకు పాకి, ముప్పై ఏళ్ళు నడిచింది. 2002లో ప్రభుత్వ ఉత్తర్వుతో ఆగిపోయింది. పైనుంచి వచ్చిన అనుమతి మీద మాత్రమే నిలబడిన మంచి పని పైనుంచే ఆగిపోగలదని దాన్నుంచి నేర్చుకున్నాం. మేము విద్యాశాఖను అడుగుతాం, అనుమతి తీసుకుంటాం, పాఠ్యప్రణాళికలో చోటు కోసం పోరాడతాం. కానీ వానమాని ఊరిది. దాన్ని చూసేది ఊరి పిల్లలు, కాపాడేది ఊరి తల్లులు.

ఈ జిల్లాకు ఒక చదువు ఎంత దూరం పోగలదో తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో వయోజనుల వాచకంలోని ఒక పాఠం దూబగుంట ఆడవాళ్ళ చేతిలో సారా వ్యతిరేక ఉద్యమమైంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. రాత్రి బడిలో లాంతరు కింద అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు చేసిన పని అది. తమ ఊరి సంగతి తమ పాఠంలో ఉన్నప్పుడు చదువు ఎట్లా కదులుతుందో ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాం.

మేము ఒప్పుకోనివి కొన్ని ఉన్నాయి. కంపెనీలు అమ్మే ఖరీదైన ప్లాస్టిక్ కిట్లు కొననియ్యం. అవి అల్మారాలో తాళం కింద ఉంటాయి, తనిఖీ రోజు బయటికి వస్తాయి. ఎవరి జోస్యం నిజమైందని పోటీలు, బహుమతులు పెట్టం. కొలత రాయించేటప్పుడు “అంతేనా, సరిగా చూశావా” అని పిల్లల చేత అంకె మార్పించే టీచరును మందలిస్తాం, ఆ టీచరు మాలో ఒకరైనా సరే. ఉరుము మెరుపుల వేళ ఏ బిడ్డనూ బయటికి పంపం. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లోపల కూర్చునే లెక్కపెట్టొచ్చు, మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. తాటిచెట్టు కింద నిలబడకూడదన్నది మొదటి రోజే చెబుతాం.

అన్నిటికంటే చిక్కు ముడి సెలవులది. గట్టి వాన వస్తుందంటే కలెక్టరు బళ్ళకు సెలవు ఇస్తారు, ఇవ్వాలి కూడా. కానీ కొలవాల్సిన రోజే బడి మూసి ఉంటే ఏడాదంతా చేసిన పనికి ఆయువుపట్టు లాంటి రోజు ఖాళీగా మిగులుతుంది. అందుకని సీసా ఒక్క బడిలోనే ఉండదు. ప్రతి వీధిలో ఒక ఇంటి ముందు ఒకటి ఉంటుంది, వాన తెరిపిచ్చాక ఆ ఇంటి పిల్ల చూస్తుంది. ముందుగా సీసాలు పెట్టేది యానాది కాలనీల్లో. ఊరికి పల్లంగా, కాలవ పక్కన ఉండేవి ఆ ఇళ్ళే. నీళ్ళు మొదట వచ్చేదీ చివర పోయేదీ అక్కడే. బడి మానేసే పిల్లలు ఎక్కువ ఉన్నదీ అక్కడే. బడికి రాని బిడ్డ కూడా సీసా చూసి పట్టీ కత్తిరించి పక్కింటి పిల్ల చేత బడి గోడకు పంపితే, ఆ పట్టీకి మిగతా పట్టీలతో సమానంగా చోటు ఉంటుంది. ఆ పట్టీ వెంబడి ఆ బిడ్డనూ బడికి తెచ్చుకోవడం టీచరు బాధ్యత.

కొలతలు ఊరికి కనపడాలి. బడి గోడ మీది అంకెను రోజూ రేవు దగ్గర, పాల కేంద్రం దగ్గర, రామాలయం అరుగు దగ్గర నల్లబల్ల మీద పిల్లలే రాస్తారు: నిన్నటి వాన, ఇవాళ్టి గాలి దిక్కు. ఇది సూచన కాదు, జరిగిన సంగతి మాత్రమే అని ఆ బల్ల మీదే రాయాలి. రేపటి మాట వాతావరణ శాఖది. వేటకు పోవచ్చా వద్దా అన్నది వాళ్ళ బులెటిన్ చూసే తేల్చుకోవాలి. పిల్లల అంకె పెద్దవాళ్ళకు ఆ బులెటిన్ చదివే అలవాటు నేర్పుతుంది.

మొదటి ఏడు మేము చేసేది ఇంతే. చిత్త కార్తె రాకముందే, అక్టోబరు మొదటి వారం లోపల, చేరిన ప్రతి ఊళ్ళో బడికి ఒకటి, అంగన్‌వాడీకి ఒకటి, వీధికి ఒకటి చొప్పున వానమాని పెడతాం. గిరక, రెండు పళ్ళేలు, స్టీలు గ్లాసు, ఉప్పు తక్కెడ ప్రతి బడిలో ఉంటాయి. సంక్రాంతి సెలవులకు ముందు అన్ని ఊళ్ళ పట్టీల కాగితాలు ఒకచోట చేర్చి, ఉత్తరం నుంచి దక్షిణానికి వరసగా నేల మీద పరుస్తాం. ఒకే రోజు తుమ్మలపెంటలో ఎంత పడింది, కోడూరులో ఎంత, తూపిలిపాలెంలో ఎంత, పక్కపక్క ఊళ్ళకే అంత తేడా ఎందుకు అని పిల్లలు అడిగే ప్రశ్నలు రాసుకుంటాం. రెండో ఏడు పాఠాలు ఆ ప్రశ్నల నుంచి తయారవుతాయి.

చేరదలచినవాళ్ళు తమ ఊరి బడికి ఏ సోమవారమైనా పొద్దున ఎనిమిది గంటలకు రండి. ఖాళీ సీసా, కత్తెర, స్కేలు, గులకరాళ్ళు తెచ్చుకోండి. చందా లేదు. ఎనిమిదిన్నరకు పిల్లలు కొలత చూస్తారు, అప్పుడు పక్కన నిలబడండి, అంకె వాళ్ళనే చెప్పనివ్వండి.